పేరు బిళ్ళల కోసం తెలుగు అక్షరాల కుట్టు నమూనా అచ్చు వేయండి

సంపాదకుల వారికి నమస్కారాలు.

మీ ఆదివారం అనుబంధంలో వచ్చే చేతిపనుల పేజీని నేను శ్రద్ధగా చదువుతాను. సంచికీ, తాళంచెవుల గుత్తికీ, పెన్నుల పెట్టె జిప్పుకీ తగిలించుకునే చిన్న గుడ్డ బిళ్ళలను, అంటే ఈ మధ్య అందరూ చార్మ్‌లు అంటున్నవాటిని, మనకు కావలసినవారి పేరుతో ఇంట్లోనే ఎలా చేసుకోవాలో ఆ పేజీలో ఇటీవల వివరించారు. అంత చిన్న వస్తువుకు అంత చోటు ఇచ్చినందుకు చాలా సంతోషించాను. అయితే ఆ వ్యాసం బిళ్ళ అంచులను గ్లూ గన్‌తో, అంటే జిగురును వేడికి కరిగించి వదిలే పరికరంతో, అతికించమని చెప్పింది. పేరు దించుకోవడానికి ఇచ్చిన నమూనాలో ఇంగ్లిషు పెద్దక్షరాలు తప్ప మరేమీ లేవు. చాలాకాలంగా చేతి కుట్టు పని చేస్తూ, తెలియనివారికి నేర్పుతూ ఉన్న మనిషిగా ఈ రెండింటి మీదా నా అభిప్రాయం చెప్పుకొని, మీ పత్రికను ఒక కోరిక కోరడానికి ఈ ఉత్తరం రాస్తున్నాను.

కోరిక ముందే చెప్పేస్తాను. తెలుగు అక్షరాలను సూదీ దారంతో కుట్టుకోవడానికి వీలుగా, గుణింతాలూ వత్తులూ సహా, అసలు కొలతలో ఒక పూర్తి నమూనాను మీ అనుబంధంలో అచ్చు వేయండి. తెలుగులో పిలుచుకునే పేరును తెలుగులోనే కుట్టుకోవాలని ఎందరికో ఉంటుంది. కానీ నమూనా దొరకక, దొరికిన ఇంగ్లిషు అక్షరాలతోనే సరిపెట్టుకుంటున్నారు. కంప్యూటర్ అక్షరాలను ప్రింటు తీసి వాడుకోవచ్చు కదా అని కొందరు అంటారు. అది ఎందుకు చాలదో కింద వివరిస్తాను.

పేరు బిళ్ళకు ఉన్న విలువంతా అది ఒక్క మనిషి కోసమే తయారు కావడంలో ఉంది. అరచేతిలో నాలుగో వంతు కూడా లేని ఆ గుడ్డముక్క మీద ఎవరి పేరు ఉందో వారికి తప్ప అది మరెవరికీ పనికిరాదు. అందుకే దాన్ని కుట్టేవారు ఆ మనిషిని తలుచుకుంటూ రంగు ఎంచుకుంటారు, ఆకారం ఎంచుకుంటారు, ఆ మనిషి సంచి ఎలాంటిదో, దాన్ని ఎంత మొరటుగా వాడతారో కూడా ఆలోచించి తాడు ఎంచుకుంటారు. సైకిలంటే ప్రాణం పెట్టే పిల్లవాడికి గుండ్రటి బిళ్ళ మీద రెండు చక్రాలు చాలు. ఎప్పుడూ నల్ల సంచి వాడే ఆవిడకు దూరం నుంచి కనబడే పసుపు రంగు కావాలి. ఇవన్నీ చిన్న నిర్ణయాలే అయినా కొన్న వస్తువులో ఇవేవీ ఉండవు.

చిన్న గుడ్డముక్క ఒక మనిషిని ఎంతగా గుర్తు పట్టించగలదో చెప్పడానికి చరిత్రలో ఒక గట్టి సాక్ష్యం ఉంది. లండన్‌లో థామస్ కోరమ్ పూనికతో ఏర్పడి 1741లో పసిపిల్లలను చేర్చుకోవడం మొదలుపెట్టిన ఫౌండ్లింగ్ హాస్పిటల్ అనే అనాథ శరణాలయంలో, పెంచుకోలేక బిడ్డను వదిలివెళ్ళే తల్లులు ఎప్పటికైనా తిరిగివస్తే బిడ్డను గుర్తు పట్టడానికి ఏదో ఒక ఆనవాలు ఉంచేవారు. చాలా సందర్భాల్లో ఆ ఆనవాలు గుడ్డముక్కే. తల్లి ఇచ్చినదో, బిడ్డ బట్టల నుంచి కత్తిరించినదో, ఆ ముక్కను చేరిక కాగితానికి గుచ్చి భద్రపరిచేవారు. అలాంటి ముక్కలు వేల సంఖ్యలో నేటికీ నిలిచి ఉన్నాయి. 1767లో సారా బెండర్ అనే తల్లి తన కొడుకును అక్కడ అప్పగిస్తూ, రంగురంగుల ముక్కలు కలిపి కుట్టి, మీద హృదయం ఆకారాన్ని దారంతో కుట్టిన గుడ్డను రెండుగా కత్తిరించి సగం అక్కడ ఉంచింది. 1775లో ఆమె తిరిగి వచ్చి కొడుకును తీసుకువెళ్ళగలిగింది. అలా తిరిగి తల్లి దగ్గరకు చేరిన పిల్లలు చాలా తక్కువమంది. శరణాలయం ఆ బిడ్డకు వేరే పేరు పెట్టింది కనుక, ఎనిమిదేళ్ళ పాటు ఆ బిడ్డ ఫలానావాడని చెప్పగలిగినది ఆ కుట్టుపనే. ఇంత బరువైన పని మన సంచికి వేలాడే బిళ్ళ చేయనక్కర లేదు. కానీ దాన్ని ఉబుసుపోకకు చేసే పనిగా కొట్టిపారేసేవారు కనబడినప్పుడల్లా నాకు ఆ సగం హృదయం గుర్తొస్తుంది.

అక్షరాల నమూనా అడగడం కూడా కొత్త విషయమేమీ కాదు. అచ్చు నమూనాలు అరుదుగా దొరికే కాలంలో కుట్టుపని చేసేవారు అక్షరాలనూ పువ్వులనూ ఒక గుడ్డ మీద కుట్టి దాచుకొని, అవసరమైనప్పుడు దాన్ని చూసి దించుకునేవారు. లండన్‌లోని విక్టోరియా అండ్ ఆల్బర్ట్ మ్యూజియంలో ఉన్న, జేన్ బోస్టాక్ అనే ఆమె 1598లో కుట్టిన నమూనా గుడ్డ మీద అక్షరమాల ఉంది. దానితో పాటు ఆలిస్ లీ అనే పాప 1596 నవంబరు 23న పుట్టిందన్న సంగతి కూడా కుట్టి ఉంది. ఒక పాప పేరు, పుట్టినరోజు, కుట్టిన మనిషి పేరు, అక్షరమాల అన్నీ ఒకే గుడ్డ మీద ఉన్నాయి. నాలుగు వందల ఏళ్ళు దాటినా ఆ పేర్లు చదవగలుగుతున్నాం. ఆ భాషవారికి అప్పుడే ఉన్న సదుపాయం మన భాషవారికి ఇప్పటికైనా ఉండాలని అడగడం అత్యాశ కాదనుకుంటాను.

ఇక గ్లూ సంగతి. వ్యాసం రాసినవారు పని త్వరగా అయిపోవాలన్న మంచి ఉద్దేశంతోనే దాన్ని సూచించి ఉంటారు. కానీ వేడి గ్లూ అంటే వేడికి కరిగి, చల్లారితే గట్టిపడే ప్లాస్టిక్ లాంటి పదార్థం. వేడి తగిలితే మళ్ళీ మెత్తబడుతుంది. ఎండలో నిలిపిన వాహనంలో తాళంచెవులతో పాటు వదిలేసిన బిళ్ళ అంచులు విడిపోవడానికి అదే కారణం. అది చల్లారాక అంచు బిరుసెక్కుతుంది, ఆ తర్వాత సూది దిగదు, కాబట్టి విడిపోయిన చోట మరమ్మతు చేద్దామన్నా కుదరదు. అన్నిటికీ మించి, పిల్లలతో కూర్చొని చేసే పనిలో కాలే లోహపు మొనను వారి చేతుల దగ్గర ఉంచమనడం నాకు నచ్చలేదు. కుట్టు ఊడితే ఊడినంత మేరే మళ్ళీ కుట్టుకుంటాం.

అంచు కుట్టడం కష్టమని భయపడేవారి కోసం చెబుతున్నాను. ఈ బిళ్ళలకు వాడే ఫెల్ట్ అనే గుడ్డ నేసినది కాదు. ఉన్ని పీచునో కృత్రిమ పీచునో ఒత్తి పలకగా చేసినది కనుక ఎలా కత్తిరించినా పోగులు లేవవు. అందుచేత అంచు మడవనక్కర లేదు, తిరగవేయనక్కర లేదు. రెండు ముక్కలను ఒకదాని మీద ఒకటి పెట్టి, అంచుకు 3 మిల్లీమీటర్ల లోపల సూది దించుతూ, 3 మిల్లీమీటర్ల ఎడంతో చుట్టూ బ్లాంకెట్ కుట్టు వేసుకుంటూ పోతే చాలు. 5 సెంటీమీటర్ల వ్యాసం ఉన్న బిళ్ళకు చుట్టుకొలత సుమారు 16 సెంటీమీటర్లు, అంటే యాభై పైచిలుకు కుట్లు. కాజా కుట్టడం తెలిసినవారికి ఇది దాదాపు అదే కుట్టు, కాకపోతే ఎడంగా వేస్తాం. నేసిన నూలు బట్టతో చేసేవారు మాత్రం చుట్టూ అర సెంటీమీటరు అదనంగా వదిలి, లోపలి వైపు కుట్టి, చిన్న సందులోంచి తిరగవేసుకోవాలి. చిన్న ఆకారాల్లో ఆ పని నిజంగానే కష్టం. కొత్తవారు ఫెల్ట్‌తో మొదలుపెట్టడం మేలు.

అసలు విషయానికి, అక్షరాలకు, వస్తున్నాను. ఇంగ్లిషు పెద్దక్షరాలు ఎక్కువ భాగం నిలువు గీతలు, అడ్డగీతలు. రెండు మూడు పొడవాటి కుట్లతో ఒక అక్షరం పూర్తవుతుంది. తెలుగు అక్షరంలో తిన్నటి గీత దాదాపు ఉండదు. వంపును కుట్టడమంటే చిన్న చిన్న తిన్నటి కుట్లతో వంపు భ్రమ కల్పించడమే కనుక, కుట్టు పొడవు ఎంతన్నది ఇక్కడ ప్రాణం లాంటిది. ఒక సున్ననే చూడండి. 4 మిల్లీమీటర్ల వ్యాసం ఉన్న సున్న చుట్టుకొలత పన్నెండున్నర మిల్లీమీటర్లు. 2 మిల్లీమీటర్ల చొప్పున వెనక కుట్టు (ప్రతిసారీ ముందు కుట్టు చివరికి వెనక్కు వచ్చి దించే కుట్టు) వేస్తే ఆరు కుట్లకే చుట్టు పూర్తయి, మూలలు కనబడే షడ్భుజం తయారవుతుంది. ఒకటిన్నర మిల్లీమీటరుకు తగ్గిస్తే ఎనిమిది కుట్లు పడతాయి, అప్పుడు కంటికి అది గుండ్రంగా కనిపిస్తుంది. ఒక్క అర మిల్లీమీటరు దగ్గర సున్న సున్నగా నిలబడుతోంది. నమూనా మీద కుట్టు కుట్టుకూ చుక్క పెట్టి చూపిస్తే ఈ లెక్క కొత్తవారు వేసుకోనక్కర లేకుండానే చేతికి వస్తుంది. కంప్యూటర్ అక్షరాల ప్రింటులో దొరకనిది ఇదే. పైగా అచ్చు అక్షరాల్లో గీత ఒకచోట లావుగా, మరోచోట సన్నంగా ఉంటుంది. వాటి అంచుల వెంబడి కుడితే జంట గీతల అక్షరం వస్తుంది గాని, ఒక్క దారపు గీతతో నడిచే అక్షరం రాదు. మనకు కావలసినది కలంతో ఒక్క గీతగా రాసిన చేతిరాత లాంటి నమూనా.

తలకట్టు దగ్గర కొత్తవారందరూ తడబడతారు. అది రెండు కుట్ల పని. ఎడమవైపు పొట్టిది, కుడివైపు పొడవుది. రెండూ కలిసే చోట సూది సరిగ్గా అదే రంధ్రంలో దిగాలి; వెంట్రుకవాసి పక్కకు దిగినా మధ్యలో ఖాళీ కనబడి తలకట్టు విరిగినట్టుంటుంది. అక్షరం ఒళ్ళంతా కుట్టాక చివరన తలకట్టు వేస్తే దాని వాలును పక్క అక్షరాలతో సరిచూసుకోవచ్చు. పేరులోని తలకట్లన్నీ ఒకే వాలులో ఉంటే, మిగిలిన వంపులు కొంచెం అటూ ఇటూ అయినా పేరు కుదురుగా కనబడుతుంది. దీన్ని నేను నేర్చుకునేవారికి పదే పదే చెబుతుంటాను. గుడి, గుడిదీర్ఘం, ఏత్వం, ఓత్వం వంటివి కుట్టేటప్పుడు దారాన్ని తెంచకుండా అక్షరం నుంచే పైకి తీసుకుపోవచ్చా, వేరుగా మొదలుపెట్టాలా అన్నది కూడా నమూనాలో బాణం గుర్తుతో చూపించాల్సిన విషయం.

మరో ఇబ్బంది ఏమిటంటే, మన అక్షరాలు ఒక వరుసలో ఒదగవు. పైన గుణింతం, కింద వత్తు. ‘శ్రీ’ అన్న ఒక్క అక్షరానికి పైన గుడిదీర్ఘం, కింద రావత్తు చేరేసరికి ఎత్తు దాదాపు రెండింతలవుతుంది. ‘లక్ష్మి’లో ఒక హల్లు కింద రెండు వత్తులు ఒదగాలి. 5 సెంటీమీటర్ల బిళ్ళలో అంచు కుట్టుకూ, తాడుకూ పోగా పేరుకు మిగిలే చోటు మూడున్నర సెంటీమీటర్లకు మించదు. కాబట్టి ఏ పేరుకు ఏ ఆకారం తగినదో ముందే ఆలోచించుకోవాలి. రాధ, రవి వంటి పొట్టి పేర్లు గుండ్రటి బిళ్ళలో హాయిగా కూర్చుంటాయి. పొడుగు పేర్లకు అడ్డంగా సాగిన బిళ్ళ కావాలి. వత్తులున్న పేర్లకు కింద నాలుగైదు మిల్లీమీటర్లు ఎక్కువ వదలాలి. పేరంతా పట్టదనుకుంటే మొదటి అక్షరం ఒక్కటే పెద్దగా, అందంగా కుట్టడం మంచిది. కిక్కిరిసిన పేరు కంటే అదే బాగుంటుంది.

చిన్న గీతల దగ్గర మరింత జాగ్రత్త అవసరం. ‘ద’ కింద ఒక్క కుట్టు వేస్తేనే ‘ధ’ అవుతుంది. ‘ప’ కింద వేస్తే ‘ఫ’, లోపల వేస్తే ‘ష’. ‘ఠ’ నడుమ చుక్కకు దారాన్ని సూదికి ఒక్కసారి చుట్టి వేసిన ఫ్రెంచ్ నాట్ అనే ముడి కుట్టు చక్కగా సరిపోతుంది. ఫెల్ట్ ఉపరితలం మీద నూగు ఉంటుంది కనుక ఇలాంటి చిన్న కుట్లు సన్నని దారంతో వేస్తే నూగులో మునిగిపోతాయి. తమ పేరులోని పొట్టను చీల్చే గీత కనబడక, వేరే పేరుగా చదువుకోవలసి వస్తే ఎవరికైనా మనసు చివుక్కుమంటుంది. నమూనా అచ్చు వేసేటప్పుడు ఈ గీతలను కాస్త పెద్దవిగా, స్పష్టంగా ఇవ్వాలని మనవి.

దారం విషయంలో ఆ వ్యాసం ‘ఎంబ్రాయిడరీ దారం వాడండి’ అని ఒక్క మాటతో సరిపెట్టింది. సాధారణంగా దొరికే ఎంబ్రాయిడరీ నూలు లచ్చిలో దారం ఆరు పోగులుగా ఉంటుంది. ఆరూ కలిపి కుడితే అక్షరం ముద్దకడుతుంది. ఈ కొలత బిళ్ళ మీద అక్షరాలకు రెండు పోగులు, అంచుకు రెండో మూడో పోగులు సరిపోతాయి. మోచేతి నుంచి వేలికొసల దాకా, అంటే సుమారు 45 సెంటీమీటర్ల దారం తుంచుకొని, పోగులను ఒక్కొక్కటిగా పైకి లాగి వేరుచేసి, మళ్ళీ పక్కపక్కన చేర్చుకోవాలి. రెండు పోగులూ ఒకేసారి లాగితే చిక్కుపడతాయి. ఎక్కువ పొడవు దారం తీసుకుంటే మాటిమాటికీ సూది బెజ్జం దగ్గర రాపిడికి నూగు లేచి, పేరులో మొదటి అక్షరానికి ఉన్న మెరుపు చివరి అక్షరానికి ఉండదు.

ముడి లేకుండా మొదలుపెట్టే పద్ధతి ఒకటి తప్పక చెప్పాలి. రెండు పోగులకు బదులు, రెట్టింపు పొడవున్న ఒకే పోగును మధ్యకు మడిచి, రెండు కొసలనూ కలిపి బెజ్జంలోకి ఎక్కించాలి. అప్పుడు దారం చివర చిన్న ఉచ్చు మిగులుతుంది. సూదిని వెనక నుంచి పైకి తెచ్చి, ఉచ్చు వెనకే ఉండేలా వదిలి, మొదటి కుట్టు వేసి సూదిని వెనక్కు దించి, ఆ ఉచ్చులోంచి పోనిచ్చి నెమ్మదిగా లాగితే దారం తనంతట తానే బిగుసుకుంటుంది. వెనకవైపు గడ్డలు ఉండవు కనుక పలుచని ఫెల్ట్ మీద కూడా అక్షరం ఎగుడుదిగుడు లేకుండా పరుచుకుంటుంది. చూపు తగ్గినవారు దారం ఎక్కించేటప్పుడు బెజ్జం వెనక తెల్ల కాగితం పెట్టుకుంటే రంధ్రం తేటగా కనిపిస్తుంది. చేతి కుట్టు సూదుల అంకె పెరిగేకొద్దీ సూది సన్నబడుతుందన్న సంగతి కూడా మీ పేజీలో ఒక్క వాక్యంలో చెబితే ఎందరికో దుకాణంలో తికమక తప్పుతుంది.

నమూనాను ఫెల్ట్ మీదికి దించడం మరో చిక్కు. ముదురు రంగు ఫెల్ట్ మీద పెన్సిలు కనబడదు, కార్బన్ కాగితం పట్టదు. వేడికి చెరిగే పెన్నుల గీతలు ఇస్త్రీ పెట్టగానే మాయమైనా, బాగా చల్లబడితే తిరిగి కనబడవచ్చు. నీళ్ళకు చెరిగే పెన్ను గీతల మీద తడపక ముందే ఇస్త్రీ పెడితే అవి పోకుండా నిలిచిపోయే ప్రమాదం ఉంది. అన్నిటికంటే నిశ్చింతైన దారి, పలుచని కాగితం మీద పేరు దించుకొని, ఆ కాగితాన్ని ఫెల్ట్ మీద పెట్టి చుట్టూ టాకాలు వేసి, కాగితంతో సహా కుట్టేసి, చివర కాగితాన్ని చింపి తీసేయడం. చింపేటప్పుడు పైకి లాగకూడదు. కుట్టును వేలితో అదిమి పట్టి, పక్కకు చింపాలి. ఇక్కడ మరొక మాట. బిళ్ళ ఆకారం ముందు కత్తిరించి తర్వాత పేరు కుట్టమని వ్యాసంలో ఉంది. ఆ వరుసను తారుమారు చేయాలి. చిన్న ముక్క చేతిలో నిలవదు, లాగిన వైపుకల్లా సాగుతుంది. పెద్ద ముక్క మీద పేరు కుట్టి, అక్షరాలు ఎక్కడ నిలిచాయో చూసుకొని, వాటిని మధ్యకు తెచ్చుకుంటూ అప్పుడు ఆకారం కత్తిరించుకోవాలి.

దూది కూరడం గురించి ఎక్కువ చెప్పనక్కర లేదు. తక్కువ కూరండి, అంతే. ఉబ్బిన బిళ్ళ మీద అక్షరాలు పక్కలకు జారి వంకరగా కనిపిస్తాయి. తాడు మాత్రం అశ్రద్ధ చేయదగినది కాదు, ఎందుకంటే బిళ్ళ బరువూ, లాగుళ్ళూ అన్నీ దాని మీదే పడతాయి. తాడు రెండు కొసలనూ ఒక సెంటీమీటరు లోపలికి దింపి, వెనక ఫెల్ట్‌కు నాలుగైదు అడ్డకుట్లతో బిగించి, ఆ పైన అంచు కుట్టు వేయాలి. రింగును నేరుగా ఫెల్ట్‌కు గుచ్చితే కొద్దికాలంలోనే రంధ్రం పెద్దదై చిరిగిపోతుంది.

కొత్త ఫెల్ట్‌కు బదులు ఆ మనిషి తొడిగి వదిలేసిన బట్టతోనే బిళ్ళ కుట్టడమంటే నాకు ప్రత్యేకమైన ఇష్టం. తండ్రి చొక్కాతో కూతురి సంచికీ, చిన్నప్పటి గౌనుతో ఎదిగిన పిల్ల తాళంచెవికీ కుట్టవచ్చు. పాత చొక్కాలో అన్నిటికంటే గట్టిగా, రంగు తగ్గకుండా ఉండే గుడ్డ జేబు కింద దొరుకుతుంది. ఎండ తగలక, రాపిడి లేక అక్కడి గుడ్డ కొన్ననాటి రంగులోనే ఉంటుంది. జేబు కుట్లు విప్పి చూస్తే మిగతా చొక్కాకూ ఆ చదరానికీ మధ్య ఉన్న తేడా చూసి ఎవరైనా ఆశ్చర్యపోతారు. ఒక చిన్న బిళ్ళకు ఆ చదరం ధారాళంగా సరిపోతుంది. మెత్తబడిన గుడ్డ కనుక వెనక ఇస్త్రీతో అంటుకునే పలుచని అస్తరు వేసుకొని కుట్టాలి.

భద్రత గురించి ఆ వ్యాసంలో ఒక్క మాటా లేకపోవడం నన్ను కలవరపెట్టింది. మూడేళ్ళ లోపు పిల్లల ఆటబొమ్మలను పరీక్షించడానికి 31.7 మిల్లీమీటర్ల వ్యాసం ఉన్న గొట్టాన్ని వాడతారు. నొక్కకుండా, ఏదో ఒక దిశలో పెట్టినప్పుడైనా అందులో పూర్తిగా ఇమిడే వస్తువు గొంతుకు అడ్డుపడే ప్రమాదం ఉన్నదిగా లెక్క. 5 సెంటీమీటర్ల బిళ్ళ అందులో పట్టకపోవచ్చు గాని, దాని మీద కళ్ళుగా కుట్టిన పూసలూ గుండీలూ, చివరన తగిలించిన గజ్జెలూ రింగులూ పడతాయి. పసిపిల్లల చేతికి అందే వస్తువు మీద కళ్ళు కూడా దారంతోనే కుట్టాలి. పడుకునే చోట, ఉయ్యాలకు, పాలపీక తాడుకు ఇలాంటి బిళ్ళలు తగిలించకూడదు. ఇంకొకటి కూడా ఉంది. బడికి పోయే పిల్లల సంచి బయటివైపు పూర్తి పేరు వేలాడుతుంటే ముక్కూమొహం తెలియనివారు కూడా పిల్లను పేరుపెట్టి పిలవగలుగుతారు. పేరు పెట్టి పిలిచినవారిని పిల్లలు తెలిసినవారనుకుంటారు. బయట మొదటి అక్షరమో, ఇష్టమైన బొమ్మో ఉంచి, పూర్తి పేరును బిళ్ళ వెనకవైపునో సంచి లోపలో కుట్టడం తల్లిదండ్రులు ఆలోచించదగిన పద్ధతి.

ఇవన్నీ చదివి, ఒక చిన్న వస్తువుకు ఇంత శ్రమా అని ఎవరైనా అనవచ్చు. ఈ శ్రమ చేతిలో ఉండే శ్రమే. ఒకసారి అలవాటైతే ఒక సాయంత్రం పని. ఆ సాయంత్రమంతా ఒక మనిషి పేరులోని ప్రతి వంపునూ వేలితో తడుముతూ కూర్చోవడం నాకు తెలిసిన మంచి పనుల్లో ఒకటి. అందుకే ఆ పేరు మన లిపిలో ఉండాలని ఇంతగా కోరుకుంటున్నాను.

నమూనా అచ్చు వేసేందుకు మీరు అంగీకరిస్తే కొన్ని వివరాలు గమనించ ప్రార్థన. అక్షరం ఎత్తు, గుణింతం, వత్తు కాకుండా, 8 మిల్లీమీటర్లు ఉంటే రెండు పోగుల దారానికి అనుకూలంగా ఉంటుంది. అంతకంటే చిన్నదైతే వంపులు ముద్దకడతాయి. అచ్చులో కొలత మారినా పాఠకులు సరిచూసుకోవడానికి పక్కన 5 సెంటీమీటర్ల గీత ఒకటి ముద్రించండి. అక్షరమాలతో పాటు గుణింతపు గుర్తులనూ వత్తులనూ విడివిడిగా ఇస్తే ఎవరి పేరును వారు కూర్చుకోగలరు. ‘క్ష’, ‘శ్రీ’, ‘జ్ఞ’ వంటివాటిని మాత్రం కలిపే ఇవ్వాలి, విడిగా ఇస్తే కొత్తవారికి ఒదగవు. అక్షరాల వెనక రంగు వేయకండి, తెల్లగా వదిలేస్తేనే పలుచని కాగితం పరిచి దించుకోవడానికి వీలవుతుంది. ఒకే వారంలో చోటు చాలకపోతే రెండు మూడు వారాలకు పంచి వేసినా ఇబ్బంది లేదు గాని, పేజీ మడత మాత్రం అక్షరాల మీదుగా పోకుండా చూడండి. నమూనా గీయడంలో, కుట్టి సరిచూడడంలో నా సాయం అవసరమైతే సంతోషంగా చేస్తాను.

భవదీయురాలు,
చేతి కుట్టు నేర్పే ఒక పాఠకురాలు